అంకెలను అరచేతిలో పెట్టిన మరియా మాంటిస్సోరి

రోమ్ నగరంలోని సాన్ లోరెంజో పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాలలో హడావుడిగా మొదలై మధ్యలో ఆగిపోయిన పేట. కట్టించినవారు దివాలా తీయగా, తలుపులు కిటికీలు లేని ఇళ్లలో కూలిజనం తలదాచుకున్నారు. తరువాత ఒక గృహనిర్మాణ సంస్థ ఆ భవనాలను బాగుచేసి కుటుంబాలకు అద్దెకిచ్చింది. తల్లిదండ్రులు పనికి వెళ్లగానే బడి వయసు రాని పిల్లలు మెట్ల మీద తిరుగుతూ కొత్తగా సున్నం వేసిన గోడలను పాడుచేయసాగారు. గోడలను కాపాడుకోవడం కోసమే ఆ సంస్థ పిల్లలందరినీ ఒక గదిలో చేర్చి, వారి బాధ్యత తీసుకోమని ఒక వైద్యురాలిని కోరింది. 1907 జనవరి 6న తెరిచిన ఆ గదికి పిల్లల ఇల్లు అని పేరు వచ్చింది. అందులో చేరినవారు సుమారు 50 మంది. వారి తల్లిదండ్రులలో అధికులు నిరక్షరాస్యులు. పసిబిడ్డ గణితాన్ని ఎలా గ్రహిస్తాడన్న ప్రశ్నకు ఆధునిక ప్రపంచం విన్న మొదటి గట్టి సమాధానాలలో ఒకటి ఆ గదిలోనే దొరికింది.

ఆ వైద్యురాలు మరియా మాంటిస్సోరి. ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా సమీపంలోని కియరవల్లె అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్దె ఆ కాలపు స్త్రీలలో అరుదుగా కనిపించే చదువరి. మరియా ఐదేళ్ల ప్రాయంలో ఉండగా కుటుంబం రోమ్ చేరింది. ఆడపిల్ల చదివితే ఉపాధ్యాయురాలు కావాలన్నది నాటి ఆచారం. మరియాకు మాత్రం లెక్కలంటే ప్రాణం. పదమూడేళ్లకే మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరి, ఇంజనీరు కావాలని తలచారు. తరువాత మనసు వైద్యం వైపు మళ్లింది. రోమ్ విశ్వవిద్యాలయంలో యువకుల సమక్షంలో స్త్రీ శవచ్ఛేదం చేయరాదన్న నియమం వల్ల, అందరూ వెళ్లిపోయిన తరువాత ఒంటరిగా ఆ పని నేర్చుకున్నారు. 1896లో వైద్యపట్టా పొందారు. గణితం పట్ల చిన్ననాటి మమకారం మాత్రం ఆమెను విడిచిపోలేదు.

పట్టా పుచ్చుకున్నాక ఆమె విశ్వవిద్యాలయ మానసిక చికిత్సాలయంలో పనిచేశారు. ఆ కాలంలో బుద్ధిమాంద్యం గల పిల్లలను పిచ్చాసుపత్రులలో పెద్దల మధ్యనే బంధించి ఉంచేవారు. ఒక ఖాళీ గదిలో అలాంటి పిల్లలు భోజనానంతరం నేల మీద పడిన రొట్టె తునకల కోసం పాకులాడటం ఆమె చూశారని జీవితచరిత్రకారులు చెబుతారు. కాపలాదారు దాన్ని తిండి యావ అనుకుంది. మాంటిస్సోరికి మరొకటి తోచింది. ఆ గదిలో చేత్తో పట్టుకోవడానికి ఆ తునకలు తప్ప మరే వస్తువూ లేదు. వారి ఆకలి చేతులదని ఆమె గుర్తించారు. ఫ్రాన్సుకు చెందిన ఇటార్, సెగ్విన్ అనే వైద్యులు అంతకు ముందే ఈ మార్గంలో నడిచారు. వారి గ్రంథాలను మాంటిస్సోరి స్వహస్తంతో ఇటాలియన్‌లోకి మార్చి రాసుకున్నారు. ఆమె చేతి కింద చదివిన కొందరు పిల్లలు మామూలు పిల్లలకు పెట్టే పరీక్షలో నెగ్గారు. లోకం ఆశ్చర్యపోయింది. ఆమె మాత్రం, ఇన్ని లోపాలున్న పిల్లలు ఇంత చేయగలిగినప్పుడు ఏ లోపమూ లేని పిల్లలను మన బడులు ఎంత కింద అణచి ఉంచుతున్నాయోనని దిగులు చెందారు.

ఈ సంవత్సరాలలోనే ఆమె జీవితంలో పెద్ద వ్రణం ఏర్పడింది. సహోద్యోగి అయిన వైద్యుడు జుసెప్పె మొంతెసానోతో కలిగిన అనుబంధం వల్ల 1898లో మారియో అనే కుమారుడు పుట్టాడు. వివాహం జరగలేదు. అవివాహిత తల్లికి వృత్తిలో గాని సమాజంలో గాని చోటు లేని కాలమది. బిడ్డను పల్లెలో ఒక కుటుంబం వద్ద పెంపకానికి ఉంచి, అప్పుడప్పుడు చూసి వచ్చేవారు. లోకంలోని పిల్లలందరికీ తల్లిగా పేరు పొందినావిడ తన బిడ్డను సుమారు పదిహేనేళ్ల పాటు దూరంగా పెట్టుకోవలసి వచ్చింది. తన తల్లి మరణించాకనే మారియోను దగ్గరకు తెచ్చుకున్నారు. తరువాత కూడా దశాబ్దాల పాటు లోకానికి అతను బంధువుగానో పెంపుడు కొడుకుగానో పరిచయమయ్యాడు.

సాన్ లోరెంజో గదిలో ఆమె చేసిన పని మొదట చూడటం. ఏ వస్తువును పిల్లలు మళ్లీ మళ్లీ తీస్తున్నారో, దేనిని ఒకసారి చూసి పక్కన పెడుతున్నారో గమనించారు. వైద్యుడు రోగిని పరీక్షించినట్లు ఓపికగా పరిశీలించి, పిల్లలు వదిలేసిన వస్తువులను తీసివేస్తూ వచ్చారు. గణిత పరికరాలు కూడా అలా వడపోతలో మిగిలినవే.

వాటిలో మొదటివి పది చెక్క కడ్డీలు. అన్నిటికన్నా చిన్నది 10 సెంటీమీటర్లు, అన్నిటికన్నా పెద్దది ఒక మీటరు. ప్రతి 10 సెంటీమీటర్లకు ఎరుపు, నీలం రంగులు మారుతుంటాయి. విడి గింజలతో ఎందుకు మొదలుపెట్టలేదన్న దానికి ఆమె ఇచ్చిన కారణం చాలా సూక్ష్మమైనది. పిల్లవాడు గింజలను తాకుతూ ఒకటి, రెండు, మూడు అంటున్నప్పుడు, మూడు అనేది ఆ చివరి గింజ పేరనుకునే ప్రమాదం ఉంది. పెద్దవాడు, నడిపివాడు, చిన్నవాడు అన్నట్లే అది కూడా ఒక పేరుగా తోస్తుంది. కడ్డీ విషయంలో ఆ పొరపాటుకు తావులేదు. మూడు అనే కడ్డీ ఒకే వస్తువు. అందులో మూడు భాగాలున్నాయి, రెండు అనే కడ్డీ కంటే అది పొడుగైనది. సంఖ్య అంటే వరుసలో చివరిది కాదని, మొత్తమని, చెప్పకుండానే తెలుస్తుంది. తొమ్మిది కడ్డీ పక్కన ఒకటి చేరిస్తే పది కడ్డీతో సమానమవుతుంది. ఎనిమిదికి రెండు, ఏడుకు మూడు. కూడిక అనే మాట వినకముందే కూడిక చేయడం చేతికి వచ్చేస్తుంది.

కడ్డీలను వరుసగా పేరిస్తే మెట్ల ఆకారం వస్తుంది. ఒకటి తారుమారైతే మెట్టు విరుగుతుంది. తప్పును చూపేది ఆ వస్తువే. ఉపాధ్యాయురాలు కోప్పడనవసరం లేదు. పిల్లవాడు తానే చూసి, తానే సరిదిద్దుకుంటాడు. లెక్కల భయమనేది లెక్కలలో పుట్టదు, తప్పు చేసినప్పుడు పదిమందిలో కలిగే సిగ్గులో పుడుతుంది. ఆ సిగ్గును తొలగించే ఈ ఏర్పాటు మాంటిస్సోరి కల్పనలన్నిటిలోకి విలువైనదనడానికి సందేహించనక్కరలేదు.

తరువాత గరుకు కాగితంతో కత్తిరించి పలకలకు అంటించిన అంకెలు. పిల్లవాడు రెండు వేళ్లతో వాటిని రాసే దిశలోనే తడుముతాడు. మన వీధిబడులలో ఇసుక పరచి చూపుడువేలితో దిద్దించిన తాతముత్తాతలకు ఇందులో కొత్తదనం కనిపించకపోవచ్చు. పేరు నేర్పే పద్ధతి సెగ్విన్ నుండి తీసుకున్నది. మొదట ఇది నాలుగు, ఇది ఐదు అని చెప్పడం, ఆ పైన నాలుగు ఏదో చూపమనడం, చివరికి ఇదేమిటని అడగడం. రెండో మెట్టులో పిల్లవాడు తడబడితే ఉపాధ్యాయురాలు ఏమీ అనకుండా ఆ పాఠాన్ని మరో రోజుకు వాయిదా వేయాలి. నేర్వలేదని బిడ్డకు తెలియనివ్వకూడదు.

సున్న కోసం ఆమె పెట్టిన శ్రద్ధ వేరు. సున్న నుండి తొమ్మిది వరకు అంకెలు రాసిన పది అరల పెట్టె, 45 కదుళ్లు ఉంటాయి. అంకెకు తగినన్ని కదుళ్లు వేస్తూ పోతే చివరికి ఒక్కటీ మిగలదు, సున్న అర ఖాళీగా నిలుస్తుంది. ఆ తరువాత ఒక ఆట. నా దగ్గరకు రెండుసార్లు రమ్మంటే పిల్లవాడు రెండుసార్లు వస్తాడు. సున్నసార్లు రమ్మంటే చాలామంది చిన్నారులు పరుగున వచ్చి నిలబడేవారట. ఎందుకొచ్చావని నవ్వుతూ అడిగితే తెల్లబోయేవారు. కొన్నాళ్లకు, పిలిచినా కదలకుండా, నవ్వు ఆపుకుంటూ కూర్చోవడం నేర్చుకునేవారు. శూన్యం అనే భావనను కదలకపోవడంతో నేర్పిన పాఠమిది.

పది దాటిన తరువాత బంగారు రంగు పూసలు వస్తాయి. ఒక పూస ఒకటి. తీగకు గుచ్చిన పది పూసల కడ్డీ పది. పది కడ్డీలు చేర్చిన చదరం వంద. పది చదరాలు పేర్చిన ఘనం వేయి. పుస్తకంలో 1కీ 1000కీ తేడా మూడు సున్నలే. ఇక్కడ ఒకటి గోటి మీద నిలుస్తుంది, వేయిని మోయడానికి రెండు చేతులూ కావాలి. పిల్లలు పళ్లెం పట్టుకుని పూసల బ్యాంకు వద్దకు వెళ్లి రెండు వేలు, నాలుగు వందలు, మూడు పదులు, ఐదు ఒకట్లు తెచ్చుకుంటారు. ఇద్దరు తెచ్చినవి కలిపితే కూడిక. ఒకట్లు పది దాటితే ఆ పదీ ఇచ్చి ఒక పది కడ్డీ మార్చుకోవాలి. పలక మీద కూడేటప్పుడు ఎడమవైపు స్థానానికి ఒకటి ఎందుకు చేరుతుందో అర్థం కాక అలవాటుగా చేసే పెద్దలు నేటికీ ఎందరో ఉన్నారు. నాలుగైదేళ్ల పిల్లలు ఆ మార్పిడిని చిల్లర మార్చినంత సులువుగా చేసేవారు.

సంఖ్యల పేర్లు కూడా బిడ్డకు అడ్డుపడతాయని ఆమె గుర్తించారు. పదికి పైనున్న సంఖ్యల పేర్లు చాలా భాషలలో క్రమం తప్పి ఉంటాయి. వాటి కోసం 10 అని రాసిన పలకలో సున్న మీద 1, 2, 3 అంకెల చెక్కలు జారేలా ఏర్పాటు చేసి, పక్కనే పూసలు పెట్టించారు. పేరు ఎంత వంకరగా ఉన్నా, పదీ ఒకటీ కలిసినదే పదకొండని కన్ను చెబుతుంది. రెండు భాషల నడుమ పెరిగే సరిహద్దు పిల్లలకు ఈ విషయం మరీ ముఖ్యం. తెలుగులో నలభై రెండు అంటాం. కన్నడంలో, తమిళంలో కూడా పదులే ముందు వస్తాయి. మరాఠీలో అదే సంఖ్య బేచాళీస్, ఒడియాలో బయాళిశ. అక్కడ రెండు ముందు, నలభై వెనుక. ఇంట్లో ఒక వరుస, బడిలో మరో వరుస వినే బిడ్డ 42కు బదులు 24 రాస్తే అది మందబుద్ధి కాదు, రెండు భాషల ఒరిపిడి. నాలుగు పది కడ్డీలు, రెండు పూసలు ముందున్నప్పుడు ఏ భాషలో పలికినా మొత్తం మారదు.

ఇంజనీరు కావాలనుకున్న బాలిక ఆమెలో మిగిలే ఉందనడానికి మరో పరికరం సాక్ష్యం. రంగుల చెక్క ముక్కలు ఎనిమిది ఒక పెట్టెలో సరిగ్గా అమరి ఘనమవుతాయి. నాలుగేళ్ల బిడ్డకు అదొక కూర్పు ఆట. అవే ముక్కలు పెద్ద తరగతిలో ఎ, బి ల మొత్తానికి ఘనం విస్తరించే బీజగణిత సూత్రం. చేతికి ముందే పరిచయమైనది బుద్ధికి తరువాత అందుతుందన్నది ఆమె విశ్వాసం. అలాగని ఆమె కంఠస్థాన్ని తోసిపుచ్చలేదు. పూసలతో ఎక్కం కట్టి, అర్థమయ్యాక పదేపదే సాధన చేసి నోటికి తెచ్చుకోవడం ఆమె పద్ధతిలో భాగమే. 1934లో బార్సిలోనాలో అంకగణితం మీద, క్షేత్రగణితం మీద ఆమె రెండు పెద్ద గ్రంథాలు వెలువడ్డాయి.

కీర్తి వేగంగా వచ్చింది. 1909లో వెలువడిన ఆమె గ్రంథం కొద్దికాలంలోనే అనేక భాషలలోకి వెళ్లింది. 1915లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో గాజు గోడల తరగతి గదిని జనం ఎగబడి చూశారు. విమర్శా వెన్నంటే వచ్చింది. అమెరికా విద్యావేత్త కిల్‌పాట్రిక్ 1914లో ఆ పరికరాలు పిల్లల ఊహకు స్వేచ్ఛనివ్వని బిగుతైనవని గ్రంథమే రాశారు. పరికరాల తయారీ, ఉపాధ్యాయ శిక్షణ తన అనుమతితోనే జరగాలన్న ఆమె పట్టుదల కొందరు ఆప్తులను దూరం చేసింది. 1920లలో ముస్సోలినీ ప్రభుత్వాదరణను ఆమె స్వీకరించారు. ఆ నిర్ణయం ఆమె జీవితంలో నేటికీ ప్రశ్నలు రేపుతుంది. నియంతకు కావలసినది విధేయులైన పిల్లలు. ఆమెకు కావలసినది తమంతట తాము ఆలోచించే పిల్లలు. ఆ పొత్తు నిలవలేదు. 1934లో తెగిపోయింది. ఇటలీలోనూ, నాజీల జర్మనీలోనూ ఆమె బడులు మూతపడ్డాయి. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను బార్సిలోనా నుండి తరిమింది. హాలండులో ఆశ్రయం దొరికింది.

అక్కడి నుండి ఆమె మన వైపు వచ్చారు. దివ్యజ్ఞాన సమాజ అధ్యక్షులు జార్జ్ అరుండేల్ ఆహ్వానంపై 1939 నవంబరులో మారియోతో కలిసి మద్రాసు చేరారు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా అప్పట్లో రాజధాని ఆ నగరమే. అడయారులో తాటాకు పందిళ్ల కింద సుమారు 300 మందికి శిక్షణ ప్రారంభమైంది. ఆమె ఇటాలియన్‌లో మాట్లాడేవారు, మారియో ఆంగ్లంలోకి మార్చేవాడు, వినేవారు తమ తమ భాషలలో అర్థం చేసుకునేవారు. కడ్డీలకు, పూసలకు మాత్రం అనువాదం అవసరం కాలేదు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో తల్లీకొడుకులిద్దరూ శత్రుదేశ పౌరులయ్యారు. మారియోను అప్పటి అహ్మద్‌నగర్ శిబిరానికి పంపారు. ఆమెను అడయారు ఆవరణ దాటనివ్వలేదు. ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఆ సందర్భంగా వైస్రాయి ప్రభుత్వం ఆమెకు కానుకగా కుమారుణ్ణి విడిచిపెట్టింది. నలభై ఏళ్లకు పైగా దాచిన సంబంధాన్ని ఒక పరాయి ప్రభుత్వపు తంతి కొడుకు అనే పేరుతోనే పేర్కొన్నది. 1942 నుండి రెండేళ్లు కొడైకెనాల్‌లో ఉండి, అక్కడ వేర్వేరు వయసుల పిల్లలను ఒకచోట చేర్చి, ప్రాథమిక తరగతుల విద్యను విస్తరించారు. 1946లో యూరప్ వెళ్లి, 1947లో తిరిగి వచ్చి, 1949 వరకు ఉపఖండంతో ఆమె బంధం కొనసాగింది. ఇక్కడ ఆమె చేతుల మీదుగా వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులు తయారయ్యారు. గ్రహణశీలమైన శిశు మనస్సు గురించి ఆమె రాసిన ప్రసిద్ధ గ్రంథం 1949లో అడయారులోనే అచ్చయింది.

ఆమె చెప్పినదంతా తరువాతి పరిశోధన యథాతథంగా అంగీకరించిందనడం సరికాదు. శిశు బుద్ధి వికాసాన్ని పరిశోధించిన జాన్ పియాజే 1930లలో స్విట్జర్లాండ్ మాంటిస్సోరి సంఘానికి అధ్యక్షత వహించారు. అయినా ఆయన మార్గం వేరు. 2006లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో లాటరీ ద్వారా మాంటిస్సోరి బడిలో సీటు దొరికిన పిల్లలను, దొరకని పిల్లలను పోల్చిన అధ్యయనంలో ఐదేళ్ల వయసులో మొదటి వారు లెక్కలలో, చదవడంలో ముందున్నారు. పన్నెండేళ్ల వారిలో లెక్కలకు సంబంధించి ఆ తేడా కనిపించలేదు. ఆకర్షణ ఎక్కువైన బొమ్మలు ఇస్తే పిల్లల దృష్టి సంఖ్య మీద కాక బొమ్మ మీదకే పోతుందని మరికొన్ని పరిశోధనలు చూపాయి. ఆమె పూసలు అలంకారం లేకుండా ఒకే రీతిగా ఉండటంలోని తెలివి ఇప్పుడు మరింత తెలుస్తున్నది.

ఇంకొక సంగతి తల్లిదండ్రులు ఎరిగి ఉండాలి. ఆమె పేరు ఎవరి హక్కూ కాదు. ఏ బడి అయినా గుమ్మం మీద రాసుకోవచ్చు. బోర్డు మీద ఆమె పేరుండి, లోపల మూడేళ్ల బిడ్డ చేత 1 నుండి 100 వరకు పుస్తకం నింపించే బడులు మన పట్టణాలలో తక్కువేమీ కాదు. రుసుము కట్టేముందు అడగవలసినది బిడ్డ చేతికి ఏమిస్తారని.

ఖరీదైన పరికరాలు పేదపల్లెకు ఎలా అందుతాయన్న చిక్కు ఆమె జీవితకాలంలోనే తలెత్తింది. దానికి జవాబు ఇక్కడివారే చెప్పారు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం స్థాపించి ఆమె పద్ధతిని దేశీయం చేశారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ 1945లో బోర్డీ గ్రామంలో, ఆ పైన మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దుకు చేరువలోని కోస్‌బాడ్ కొండపల్లెలో వార్లీ గిరిజన బాలల నడుమ ఆ పద్ధతిని నాటారు. పిల్లలు బడికి రాకపోతే బడే వారి ముంగిళ్లకు వెళ్లింది. పరదేశపు పూసలకు బదులు గింజలు, గులకరాళ్లు, గవ్వలు, ఆకులు పరికరాలయ్యాయి. మన ఇళ్లలో చింతపిక్కలు, గవ్వలు, వామనగుంటల పీట ఉండనే ఉన్నాయి. పది పిక్కలు ఒక సంచీ, పది సంచులు ఒక బుట్ట అని కట్టుకుంటే వంద బిడ్డ ముందుంటుంది. ముంగిలిలో సాగిన ఆ బడికి తారాబాయి అంగన్‌వాడీ అన్నారు. 1975లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన శిశు సంక్షేమ పథకంతో ఆ పేరు దేశంలోని ప్రతి పల్లెకూ చేరింది.

మాంటిస్సోరి తన చివరి ఏళ్లు హాలండులో గడిపారు. 1949 నుండి వరుసగా మూడేళ్లు నోబెల్ శాంతి బహుమతికి ఆమె పేరు ప్రతిపాదనకు వచ్చింది, బహుమతి మాత్రం రాలేదు. 1952 మే 6న నోర్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో, 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎక్కడ మరణిస్తే అక్కడే ఖననం చేయాలన్న ఆమె కోరిక ప్రకారం సమాధి అక్కడే ఉంది. 1990లో ఇటలీ తన వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ ముద్రించింది. యూరో నాణేలు, నోట్లు వచ్చేవరకు ఆ నోటు అక్కడి ప్రజల చేతులలో తిరిగింది. తన సర్వస్వానికీ ఆమె వారసుడిగా నియమించినది మారియోనే. వీలునామాలో అతణ్ణి తన కుమారుడని రాశారు.